బతికున్నోళ్ల పేర పెట్టిన ముద్ద

"అక్కా, మా కాలనీ ఆడోళ్లమంత కలిసి అడవికి పోతున్నం. నువ్వు, మీ అత్తమ్మ గూడ రారాదు" అని తిరుమల ఫోన్ చేసినప్పుడు వనజ వద్దనే అంది.

తిరుమల ఆమె పిన్ని కూతురు. మందమర్రిలో గని కార్మికుల కాలనీలో ఉంటుంది. వనజ ఉండేది సిరిసిల్లలో. పొద్దున లేచింది మొదలు మరమగ్గాలకు నూలు కండెలు చుట్టడం, ఇంటికి మూడు వైపులా ఆ సాంచాల మోత. భర్త శ్రీహరి షార్జా పోయి రెండో ఏడు నడుస్తోంది. అక్కడ ఫోన్లు సరిగా కలవవని చెప్పి తన గొంతు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతుంటాడు. అతని తల్లి శంకరవ్వ ఫోన్ చెవికి ఆనించుకుని, అదే మాటను మళ్లీ పెట్టించుకుని వింటుంది. మగమనిషి ఎండలో చెమటోడుస్తుంటే తాము షికారు పోవడమేమిటని వనజ మనసు ఒప్పుకోలేదు.

"పోదాం పా బిడ్డా" అంది శంకరవ్వే. "ఈ సాంచాల సప్పుడు లేని జాగ ఎట్లుంటదో సచ్చేలోపట ఒక్కపారి జూస్త."

అలా ఆ చలికాలం మొదట్లో ఇద్దరూ మందమర్రి వెళ్లి, అక్కడి ఆడవాళ్లతో కలిసి టెంపో ఎక్కారు.

ఆసిఫాబాద్ దాటి గుట్టలెక్కితే కొర్సిగూడ వస్తుంది. గోండుల ఊరు. బయటివాళ్లెవరో వచ్చి హోటల్ కడతామంటే వద్దని, ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి అతిథులను తమ ఇళ్లలో ఉంచుకుంటున్నారు. ఈ వారం ఒక ఇంటి వంతు, వచ్చే వారం ఇంకో ఇంటి వంతు. వండేది, పడకలు వేసేది, వాగు దాకా నడిపించేది అందరూ ఊరివాళ్లే. దేవుళ్ల జాగాలోకి వెళ్లవద్దు, అడగకుండా ఫోటో తీయవద్దు అని టెంపో ఆగిన చోటే చెప్పేస్తారు. ఆ సంఘాన్ని నడిపేది మాన్కుబాయి. నలభై దాటిన మనిషి. చేతుల నిండా వెండి కడియాలు, మాటలో తొందర లేదు.

"రాం రాం చెల్లె, రాం రాం అవ్వా" అంటూ అందరికీ చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది. అలికిన వాకిట్లో వరుసగా కూర్చోబెట్టి మోదుగ విస్తళ్లలో జొన్నరొట్టె, పప్పు, చిక్కుడుకాయ కూర వడ్డించింది. శంకరవ్వ తింటూ మధ్యలో ఆగి, "ఎంత సల్లగున్నదే వనజా, చెవులు మల్ల పుట్టినట్టున్నయ్" అంది. అందరూ నవ్వారు.

"తిని జరసేపు ఒరగుండ్రి" అంది మాన్కుబాయి. "మా ఊరి ముసలాయన మీకు అడవి జూపెడ్తడు. ఆయనకు తెలుగు అంత రాదు. ఆయన జెప్పేది మీకు తెలుగుల జెప్పెటందుకు మా దగ్గర ఒక పిలగాడున్నడు. వెదురుకు పోయిండు, వస్తుండు." ఇంటి వెనక్కి తిరిగి కేకేసింది. "హరీ! వచ్చినవా? మందమర్రి చుట్టాలు తిన్నరు, రా!"

"వచ్చినక్కా. ఈ బొంగులు జర దించనీ."

వనజ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

సంచిలో ఫోన్ దానంతటదే మోగిందనుకుంది ముందు. పొరపాటున వేలు తగిలి నిన్నటి రికార్డు మొదలైందనుకుంది. ఎంగిలి చేత్తోనే సంచి తెరిచి ఫోన్ తీసింది. తెర నల్లగా ఉంది.

గుడిసె పక్కనుంచి శ్రీహరి వచ్చాడు. తలకు తువ్వాల, గడ్డం, భుజాల మీద వెదురు నూగు. చిక్కిపోయాడు, నల్లబడ్డాడు. వచ్చిన అతిథులకు రోజూ పెట్టినట్టే రెండు చేతులూ జోడించి "రాం..." అన్నాడు. రెండో రాం నోట్లోంచి రాలేదు.

తిరుమల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరికంటే ముందు లేచింది శంకరవ్వ. మొహమంతా వెలిగిపోతోంది. తూలుతూ కొడుకు దగ్గరికి వెళ్లి గడ్డం పట్టుకుంది.

"విమానం ఎప్పుడు దిగినవ్ కొడుకా? మేమీడున్నమని ఎవలు జెప్పిండ్రు? ఇంటికి గూడ పోకుంట సీదా ఈడికే వచ్చినవా?"

శ్రీహరి ఆమె ముందే నేల మీద కూర్చుండిపోయాడు. "అవ్వా" అన్నాడు.

వనజకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. తన గొంతు తనకు ఎవరిదో గొంతులా వినిపించింది. "నిన్న ఇసుక గాలి లేస్తుందన్నవ్. కళ్లు మండుతున్నయ్ అన్నవ్. యాడ లేసింది ఇసుక?"

అతను వాకిట్లోంచి కనబడే గుట్ట వైపు చూశాడు. ఫోన్ సిగ్నల్ కోసం ఎక్కి, ఆ రికార్డులు పంపేది అక్కడినుంచే.

విషయమంతా ముక్కలు ముక్కలుగా బయటపడింది. ఏజెంటు బొంబాయి దాకా తీసుకుపోయి, ఒక గదిలో నలుగురితో పాటు పడేసి, వీసా వస్తుంది వస్తుందని చెప్పి పాస్‌పోర్టుతో సహా మాయమయ్యాడు. గది యజమాని బయటికి గెంటాడు. రైలెక్కి ఆదిలాబాద్‌లో దిగి, బస్టాండులో ఇంటివైపు పోయే కరీంనగర్ బస్సు దాకా వెళ్లాడు.

"మెట్టు మీద కాలు గూడ పెట్టిన" అన్నాడు శ్రీహరి. "వాడకట్టంత వచ్చి, బొట్టు పెట్టి నన్ను తోలిచ్చింది గదా. ఏం మొఖం పెట్టుకోని రావాలె? కాలు ఎనుకకు తీసిన."

పత్తి ఏరే కూలీల్లో కలిశాడు. జ్వరంతో చేను గట్టున పడిపోతే మాన్కుబాయి భర్త ఎడ్లబండి మీద వేసుకొచ్చాడు. లేచి తిరిగేదాకా మాన్కుబాయే గంజి పోసింది. అప్పటినుంచి ఇక్కడే. ఎప్పుడైనా ఇంటికి పంపిన ఆ కాస్త డబ్బు కూడా ఈ అతిథుల పనిలో వచ్చిందే. కరీంనగర్ వైపు వాళ్లు వస్తున్నారంటే ఆ రోజు అడవిలోకి వెళ్లిపోయేవాడు. ఈసారి వచ్చేది మందమర్రి వాళ్లని చెప్పారు, అందులో తిరుమల ఉంటుందని అతను అనుకోలేదు.

అంతసేపూ మాన్కుబాయి గుంజకు ఆనుకుని నిలబడే ఉంది.

"వీళ్లు నీకెవరు హరీ?" అంది.

వనజే చెప్పింది. "ఈమె వాళ్లవ్వ. నేను పెండ్లాన్ని. మా గురించి నీకేం జెప్పిండక్కా?"



"కరోనాల పోయిండ్రన్నడు" అంది మాన్కుబాయి నేలను చూస్తూ. "ఇద్దరూ. ఎవ్వరు లేరన్నడు. మా పెద్దలకు అన్నం పెట్టే పండుగ వచ్చింది. దిక్కులేనోడు, వీని సచ్చినోళ్లకు ఎవలు పెడ్తరని నేనే పెట్టిన. పేర్లడిగితే జెప్పిండు. శంకరవ్వ పేర ఒక ముద్ద, వనజ పేర ఒక ముద్ద. మా అత్తమామల ముద్దల పక్కనే పెట్టిన."

తిరుమల "అమ్మో" అని గట్టిగా అరిచింది. శంకరవ్వ తన చేతిని తానే తడుముకుంది, మోచేతి నుంచి మణికట్టు దాకా, ఉందో లేదో చూసుకుంటున్నట్టు. ఆమె ముఖంలోని వెలుగంతా ఆరిపోయింది.

"నా పేర పెట్టిండ్రా?" అంది. "పెట్టినప్పుడు నువ్వు గాడ కూసున్నవా కొడుకా?"

"కూసున్ననవ్వా."

"దండం పెట్టినవా?"

"పెట్టిన."

"అటెన్క నువ్వు తిన్నవా?"

శ్రీహరి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "తిన్న. ఉన్నరంటే నన్ను ఇంటికి తోలిస్తరని గట్లన్న. రోజులు గడిచినకొద్ది ఆ మాట ఎట్ల ఎనుకకు తీసుకోవాల్నో తెల్వలే."

"మమ్మల్ని సంపితే గని నువ్వు బతకకపోతివా?" అంది వనజ.

మాన్కుబాయి ఏడుస్తోంది. "నీకు గంజి పోసినందుకు నాకు బాధ లేదు" అంది అతనితో. "సచ్చినోళ్ల ముందట నాతోని అబద్ధం ఆడిచ్చినవ్. ఇంక మా ఇంటికొచ్చే చుట్టాల ముందట నిన్నెట్ల నిలబెట్టాలె?"

ఆ మధ్యాహ్నం మందమర్రి ఆడవాళ్లు ముసలాయన వెంట వాగుకు వెళ్లారు కానీ ఒక్కరి మనసూ అడవి మీద లేదు. ఊరి పటేలు, పెద్దలు చింతచెట్టు కింద కూర్చుని గోండీలో మాట్లాడుకున్నారు. అరుపులు లేవు. పటేలు శ్రీహరి దగ్గరికి వచ్చి, తెలుగులో నెమ్మదిగా, "కోపంతో అంటలేను. నీకు ఇల్లున్నది. ఇంటికి పో" అని మాత్రం అన్నాడు.

పొద్దు గూకే వేళ మాన్కుబాయి కొత్త బియ్యం వండి, పొగలు కక్కే అన్నం రెండు విస్తళ్లలో తెచ్చి అత్తాకోడళ్ల ముందు పెట్టింది. దగ్గరే గొంతుక్కూర్చుంది.

"మీరు తినాలె. నా కండ్ల ముందట తినాలె. లేకుంటె నాకు నిద్ర పట్టది" అంది.

శంకరవ్వ కళ్లనీళ్లు కారుతుండగా తిన్నది. "నీ తప్పేమున్నది తల్లీ, నా కొడుకును బతికిచ్చినవ్" అంటూనే తిన్నది. వనజకు ముద్ద దిగలేదు. అన్నం మీద చెయ్యి ఆనించి, ఆ వేడిని పట్టుకుని కూర్చుంది.

తెల్లవారి టెంపో దగ్గరికి శ్రీహరి చేతిసంచితో వచ్చి నిలబడ్డాడు. వనజ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇందుల ఎక్కకు."

"బిడ్డా, ఎక్కనియ్యే" అని లోపలినుంచి శంకరవ్వ బతిమాలింది. "మల్ల యాడికన్న పోతడు."

"పోతే పోనీ అత్తమ్మా. మన చాటున దాసుకోని వచ్చుడు వద్దు." భర్త వైపు తిరిగింది. "బస్సుల రా. పగటి పూట దిగు. వాడకట్టు నడుమకెళ్లి నడిసి రా. అడిగినోళ్లకు నీ నోటితోనే జెప్పు. గా పని నీతోని కాకపోతే రాకు."

టెంపో గుట్ట దిగుతుంటే శంకరవ్వ కోడలితో మాట్లాడలేదు. మందమర్రిలో దిగి బస్సెక్కి, మంచిర్యాల దాటేసరికి వనజకే భయం పట్టుకుంది. బతికున్న మనిషిని తన చేత్తో తానే పోగొట్టుకున్నానా అనిపించింది. ఆ తర్వాత ప్రతి రోజూ కండెలు చుడుతూ వీధి వైపే చూసింది. అతను రాలేదు. శంకరవ్వ తిండి తగ్గించింది.

ఆశ వదులుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఎండలో అతను వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. వీధి మొదట్లో, సాంచాల షెడ్డు ముందు బీడీ కాలుస్తున్న నాగయ్య చూసి గట్టిగా నవ్వాడు.

"ఏమిరో శ్రీహరీ! షార్జా నుంచి గింత సప్పుడు లేకుంట దిగినవ్?"

వనజ గడప దాకా వచ్చి ఆగింది.

శ్రీహరి కూడా ఆగాడు. "షార్జా పోనే లేదు మామా" అన్నాడు. సాంచాల మోతలో వినబడదని గొంతు పెంచాడు. "బొంబాయిల మోసపోయిన. గిన్ని దినాలు ఆసిఫాబాద్ అవతల అడవిల, గోండోళ్ల ఇంట్ల ఉన్న. మా అవ్వ, వనజ సచ్చిపోయిండ్రని జెప్పి వాళ్ల అన్నం తిన్న."

షెడ్డులోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. ఛీ అంటారని, నవ్వుతారని వనజ గడపను గట్టిగా పట్టుకుంది. నాగయ్య నవ్వలేదు. అతని చేతిలో బీడీ ఆరిపోయింది. కొడుకు పరశురాములు దోహా పోయాడని ఊరంతటికీ చెప్పుకునే నాగయ్య, రెండడుగులు ముందుకు వచ్చి శ్రీహరి భుజం పట్టుకున్నాడు.

"ఆ బొంబాయి గదిల..." అన్నాడు మెల్లగా, "మా పరశురాములు గిట్ట కండ్లబడ్డడారా?"

"లేదు మామా."

"మంచిగ యాది జేసుకో."

శ్రీహరి ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని షెడ్డు అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆ గదిలో ఉన్న వాళ్ల పేర్లు, ఊళ్లు, గుర్తున్నవి గుర్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. వనజ చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లింది. చెంబు నాగయ్యకు అందిస్తుండగా, ఇన్ని రోజులూ రాని ఏడుపు ఆమెకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అందరూ చూస్తుండగానే అరుగు మీద కూలబడి ఏడ్చింది.