తప్పు సరుకు

మా ఆయనకి పాతపట్నం బజారులో ఒక పేరుంది. మా కిరాణా కొట్టుకొచ్చిన మనిషి నోరు తెరవకముందే సరుకు పొట్లం కట్టేస్తారు. వాళ్ళ కళ్ళు ఏ డబ్బా మీద వాలాయో చూస్తారంతే. తెలుగు రాని ఒడియా వాళ్ళు కూడా వెతుక్కుంటూ మా కొట్టుకే వస్తారు. ఆ గొప్పే మా కొంప ముంచింది.

మనవరాలు సింధూరికి మూడేళ్ళు నిండబోతున్నా ఒక్క మాట లేదు. నవ్వుతుంది, చూపిస్తుంది, చేయి పట్టి లాగుతుంది. "మూగదేమోనే" అని ఎవరైనా అంటే నా గుండెలో రాయి పడేది. కోడలు యమున చాటుగా ఏడ్చేది.

శ్రీకాకుళంలో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. చెవులు బాగానే ఉన్నాయంది. పిల్లని ఆడిస్తూ మమ్మల్నీ గమనించింది. సింధూరి నీళ్ళ సీసా వైపు చూసీ చూడకముందే మా ఆయన మూత తీసి అందించారు.

డాక్టరమ్మ నవ్వింది. "ఇలాగైతే పాపకి మాటతో పనేముంది తాతగారూ? ఇదొక్కటే కారణమని చెప్పలేను గానీ, ముందు మీరు ఆగడం నేర్చుకోండి. అప్పుడప్పుడు కావాలనే తప్పు వస్తువివ్వండి."

"తప్పు సరుకా? నానియ్యాలా?" మా ఆయన ముఖం మాడిపోయింది.

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఇచ్చే చేయి కూడా అంతే. పిల్ల బెల్లం డబ్బా వైపు తలెత్తితే చాలు, ఆయన చేయి లేచేది. నేను ఆ చేతి మీద ఒక్కటేసేదాన్ని.

"మీ సెయ్యి కట్టీమంటారేటండీ?"

"ఏటి సెయ్యనే? దాని మొకం సూస్తే ఆగలేకపోతన్నాను."

"దాని నోట్లో మాట మీరే మింగేస్తన్నారు!"

అనేశాక నాకే బాధేసింది. ఆ పూట ఆయన సరిగా అన్నం తినలేదు.

సంతనాడు కొట్టు నిండా జనం. సింధూరి వచ్చి బెల్లం డబ్బా చూపించింది. మా ఆయన డబ్బాని చూశారు, పిల్లని చూశారు, నన్ను చూశారు. చింతపండు తీసి పిల్ల చేతిలో పెట్టారు.

ఎప్పుడూ వచ్చే రైతు అప్పలసూరి పకపకా నవ్వాడు. "సూడండర్రా! రంగనాథం సావుకారు తప్పు సరుకిచ్చినాడు! కళ్ళు కనపడ్డం లేదేటి సావుకారూ?"

అందరూ నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పిల్ల చింతపండు కేసి చూసింది, తాత కేసి చూసింది. పెదవి వణికింది.

సింధూరి చింతపండు నేలకేసి కొట్టింది.

"కాదు!"

కొట్టులో నవ్వులు ఆగిపోయాయి.

"కాదు తాతా!"

లోపల్నుంచి యమున పరుగెత్తుకొచ్చింది. మా ఆయన బెల్లం ముక్క పిల్ల నోట్లో పెట్టి, చంకనెత్తుకుని, కళ్ళు తుడుచుకోకుండానే కొట్టు మెట్ల మీదికెళ్ళి బజారంతా వినేలా అరిచారు.

"ఒరే, నాను తప్పు సరుకిచ్చినానర్రా! నా మనవరాలు కాదన్నాదిరా!"