ముందు చేరినవాడు

గొలుసు కొక్కేనికి తగిలించిన తలుపు ఊగడం ఆగకముందే వెండెల్ రెండో తలుపు అందుకోవాలి. గొలుసు ఎవరికోసమూ ఆగదు. తొమ్మిది సెకన్లకొక కొక్కెం చొప్పున అతని రొమ్ము ఎత్తున సాగుతూ కొలిమి నోట్లోకి పోతూనే ఉంటుంది. తెల్లటి పింగాణీ పూత ఇంకా తడి ఆరని ఓవెన్ తలుపులవి. అంచులు మాత్రమే పట్టుకోవాలి. బొటనవేలు వెంట్రుకవాసి లోపలికి జరిగినా ముద్ర పడుతుంది. కొలిమిలో కాలాక ఆ ముద్ర ఇక పోదు, తలుపు తుక్కులోకి పోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో వెండెల్ పికార్డ్ చెడగొట్టిన తలుపు ఒక్కటి చెప్పమంటే ఫోర్‌మన్ కూడా తడుముకుంటాడు.

ఈ రోజు మాత్రం ఎనిమిది కాకముందే రెండు చెడ్డాయి.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. మోచేతుల దాకా ఒక్క రోమం లేదు, ఎప్పుడో కాలిపోయాయి. ముంజేతుల లోపలి వైపు మాత్రం గీతల కాగితంలా వరసగా పాత కాలిన మచ్చలు. ఫ్యాక్టరీ బయట అతన్ని చూసినవాళ్ళెవరూ రెండోసారి తిరిగి చూడరు. చర్చిలో అతనెప్పుడూ చివరి బల్లమీదే కూర్చుంటాడు. మార్లో ఊళ్ళో సగం మందికి అతని పేరు వెండెలో వెండాలో సరిగ్గా తెలియదు.

కొలిమి అవతల ఇద్దరు కొత్త మనుషులు తిరుగుతున్నారు. ఒకడి చేతిలో టేపు, ఇంకొకడి చేతిలో పసుపు రంగు చీటీల కట్ట. కొలిమి పొడవు కొలిచారు. వెడల్పు కొలిచారు. గొలుసు తిప్పే మోటారుకి ఒక పసుపు చీటీ కట్టి ఏదో రాసుకున్నారు. ఎవరినీ పలకరించలేదు, ఎవరి కళ్ళలోకీ చూడలేదు. వాళ్ళు ఒక యంత్రం దగ్గర్నుంచి ఇంకో యంత్రానికి జరిగినప్పుడల్లా షెడ్డులో మూడొందల మంది తలలూ వాళ్ళ వెంటే తిరుగుతున్నాయి.

"లారీలకి సరిపోతుందా లేదా అని చూస్తున్నారు," అంది రోషెల్.

తలుపుల అంచుల్లో కారిన పూతని తడి స్పాంజితో తుడిచి వెండెల్‌కి అందించడం రోషెల్ గెయిన్స్ పని. మూడేళ్ళయింది చేరి. నెత్తిన ఎర్ర గుడ్డ బిగించి కట్టి, నవ్వినా కోప్పడినా ఒకే గొంతుతో మాట్లాడే మనిషి.

వెండెల్ ఇంకో తలుపు అందుకున్నాడు. పైన పొగ గొట్టంలో పెద్ద పంకా హోరుమంటోంది. చెవి దగ్గరికొచ్చి అరిస్తే తప్ప మాట వినబడదు.

పది రోజుల కింద యాజమాన్యం ఇంటింటికీ ఉత్తరం పంపింది. జీతాలు తగ్గించుకోవాలి. దాంతోపాటు ముందు చేరినవాడు చివర పోవాలన్న నియమం కూడా వదులుకోవాలి. ఎవరిని ఉంచాలో ఎవరిని తీసేయాలో ఇకమీద యాజమాన్యమే చూసుకుంటుంది. ఒప్పుకోకపోతే కొలిములు మిసిసిపీకి పోతాయి. అక్కడ యూనియన్ లేదు, యూనియన్ కావాలని అడిగేవాళ్ళూ లేరు. ఈ రోజు షిఫ్టు దిగాక యూనియన్ హాల్లో ఓట్లు.

పది గంటల విరామంలో గస్ మిరోవిచ్ వచ్చి వెండెల్ పక్కన పెట్టెమీద కూలబడ్డాడు. యూనియన్ ప్రెసిడెంటు. ఇద్దరూ ఒకే వారం పనిలో చేరినవాళ్ళు.

"ఆ చీటీలు చూశావా? వట్టి నాటకంరా. ఓట్ల రోజే కొలవాలా? మనల్ని బెదరగొట్టడానికే."

"అయ్యుండచ్చు."

"అయ్యుండచ్చేంటి! సాయంత్రం నువ్వు లేచి రెండు ముక్కలు మాట్లాడాలి."

"నేనా? నాకు మాటలు రావని నీకు తెలీదా?"

"అందుకే అడుగుతున్నా. నేను మాట్లాడితే వీడు రోజూ వాగేదేగా అంటారు. నువ్వు నోరు విప్పితే ఏదో ఉందనుకుంటారు."

రోషెల్ చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "ప్రెసిడెంటు గారూ, ముందు చేరినవాళ్ళ వరసతో రాసిన మీ జాబితాలో నా పేరు ఎన్నోదో చెప్పండి."

గస్ నసిగాడు. "అది... కింద ఎక్కడో..."

"మూడొందల పదకొండు మందిలో రెండొందల తొంభై ఎనిమిది. పొయ్యిలు అమ్ముడుపోకపోతే చాలు నేను ఇంటికి. మళ్ళీ పిలిచేదాకా ఫోను పక్కన కాపలా. మూడేళ్ళలో రెండుసార్లయింది. వరసలో ముందున్నవాళ్ళకి ఆ నియమం గొడుగే, కాదనను. తడిసేది మేము."

"ఆ నియమం లేకపోతే ఫోర్‌మన్ బావమరిది ఉంటాడు, నువ్వు పోతావు. అది తెలుసా?"

"ఫ్యాక్టరీయే లేకపోతే బావమరిదీ పోతాడు, నేనూ పోతాను, మీరూ పోతారు!" అని వెండెల్ వైపు చూసి గొంతు తగ్గించింది. "పికార్డ్ గారూ, మా పిల్లాడు ఊపిరాడక ఆస్పత్రిలో ఉన్నప్పుడు నన్ను తీసేయబోతే మీరు ఆఫీసులో రెండు గంటలు కూర్చుని ఆపారు. మర్చిపోలేదు. కానీ మీకు ముప్పై ఏళ్ళు దొరికాయి. నాకొక పదేళ్ళు దొరకొద్దా?"

విరామం అయిందని బెల్లు మోగింది. వెండెల్ లేచి చేతి తొడుగులు వేసుకున్నాడు.

తెచ్చుకున్న రొట్టె సగం కూడా దిగలేదు. మధ్యాహ్నం ఫోర్‌మన్ అతని వెనక వచ్చి నిలబడ్డాడు. వెండెల్ తిరిగి చూడలేదు, కానీ సెకన్లు లెక్కపెట్టే గడియారం నొక్కిన చప్పుడు పంకా హోరులోనూ తెలిసింది. కుడి చెయ్యి పైకెత్తినప్పుడల్లా భుజంలో ఏదో కలుక్కుమంటోంది. రెండేళ్ళుగా కొన్ని తలుపులు ఎడమ చేత్తో తగిలిస్తూ నెట్టుకొస్తున్నాడు. ఆ సంగతి రోషెల్‌కి తెలుసు. ఫోర్‌మన్‌కీ తెలుసు. ముందు చేరినవాడు చివర పోవాలన్న ఆ ఒక్క వాక్యం ఉంది కాబట్టే ఇన్నాళ్ళూ ఎవరూ నోరెత్తలేదు.

మూడున్నరకి హాలు కిటకిటలాడుతోంది. బూట్ల మంచు కరిగి నేలంతా బురద. గస్ అరగంట మాట్లాడాడు. సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత అతను పేరు పెట్టి పిలవడంతో వెండెల్ లేవక తప్పలేదు.

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కొలిమి మీద పంకా..." అన్నాడు. "అది అరవై ఒకటిలో వచ్చింది. అంతకుముందు ఎండిన పూత పొడి అంతా మా ఊపిరితిత్తుల్లోకే పోయేది. ఓటో లిండ్‌గ్రెన్ అని నా పక్కన ఉండేవాడు. దగ్గీ దగ్గీ పోయాడు. అప్పుడు ఏడు వారాలు సమ్మె చేశాం. మా ఆవిడ నోరీన్ లాండ్రీలో బట్టలుతికి మా ఇల్లు గడిపింది. పంకా ఊరికే పెట్టలేదు వాళ్ళు. ఆ సంగతి కొత్తవాళ్ళు తెలుసుకోవాలి."

ఎవరో ఈల వేశారు. గస్ మొహం వెలిగింది.

"ఇప్పుడు ఎలా వెయ్యాలో మాత్రం..." ఆగాడు. గోడవారన రోషెల్ ఎర్ర గుడ్డ కనబడింది. "ఎవరికి వాళ్ళు చూసుకోండి. నాకు చెప్పడం రాదు."

కూర్చున్నాడు. గస్ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

ఓటు వేసే చోట దుప్పటి అడ్డం కట్టారు. దాని వెనక బల్ల ముందు వెండెల్ నిలబడ్డాడు. కాగితంమీద రెండే గళ్ళు, యాజమాన్యం షరతులకి అవును, కాదు. యూనియన్ కాదనమన్నచోట అవునని అతను జన్మలో వేయలేదు. ఓటో మొహం గుర్తొచ్చింది. గడియారం చప్పుడు గుర్తొచ్చింది. ఆ వాక్యం తీసేస్తే మొదట ఎవరి దగ్గరికి వస్తారో అతనికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. బయట వరసలో ఎవరో, "ఏంట్రా, లోపల నిద్రపోయాడా?" అన్నారు. నవ్వులు. పెన్సిలు తీసుకుని, గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుందేమో అన్నట్టు మెల్లగా గీత గీశాడు.

లెక్క తేలేసరికి చీకటి పడుతోంది. అవును నూట యాభై ఎనిమిది, కాదు నూట యాభై ఒకటి.

కుర్చీలు మడిచే చప్పుడు చాలాసేపు వినబడింది.

మెట్లమీద రోషెల్ ఎదురైంది. "మీరు మాకు ఎదురు వేసుంటారని తెలుసు పికార్డ్ గారూ. మీ స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. నాకేం కోపం లేదు."

"మంచిది అమ్మాయ్. మెట్లు జారుతున్నాయి, చూసుకో," అన్నాడతను.

ఇంట్లో నోరీన్ బంగాళాదుంపల సూపు ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఎలా వేశావ్?"

"వేశాను."

ఆమె అతని మొహం చూసి గ్రహించింది. "గస్‌కి చెప్పకు," అంది. "తట్టుకోలేడు." లేచి అతని గిన్నెలో ఇంకో గరిటెడు పోసింది.

పసుపు చీటీలు మర్నాటికల్లా మాయమయ్యాయి. కొలిములు కదల్లేదు. తొమ్మిదో పనిదినాన, శుక్రవారం, ఫోర్‌మన్ నాలుగు పేర్లు చదివాడు. నలుగురూ యాభై దాటినవాళ్ళే. మొదటి పేరు వెండెల్‌ది.

గస్ పరుగెత్తుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "కక్ష తీర్చుకుంటున్నారురా! నువ్వు లేచి పంకా సంగతి మాట్లాడావని! ఊరుకోను, ఫిర్యాదు పెడతా, ఎక్కడిదాకానైనా పోతా!"

"ఏ నియమం కింద పెడతావ్ గస్?"

వెండెల్ అతని భుజంమీద చెయ్యి వేసి ఒకసారి నొక్కాడు. అంతకంటే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఆ రోజు తను ఏ గడిలో గీత గీశాడో చెప్పబోయాడు. పాత స్నేహితుడి కళ్ళు చూసి గొలుసు వైపు తిరిగాడు.

చేతిలో ఉన్న తలుపు తగిలించి, అది ఊగడం ఆగేదాకా చూశాడు. తర్వాతి కొక్కెం ఖాళీగా రాబోతుంటే రోషెల్ ఒక్క అడుగు ముందుకేసి తలుపు అందుకుంది. అంచులు పట్టుకుని, సరిగ్గా తగిలించింది. తిరిగి చూసేసరికి వెండెల్ కోటు వేసుకుని షెడ్డు పెద్ద తలుపు దాటుతున్నాడు. బయట మంచు పడుతోంది, తలుపు తెరిచినంతసేపు చలిగాలి లోపలికి కొట్టింది, మూసుకుంది.

సోమవారం అతని బీరువా తాళం రోషెల్‌కి ఇచ్చారు. లోపల శుభ్రంగా తుడిచి ఉంది. పై అరలో మాత్రం, మూలకి, కాలిన గాయాలకి రాసుకునే మందు డబ్బా ఒకటి ఉండిపోయింది. మూత తీసింది. సగం అయిపోయిన ఆ పచ్చటి లేపనంలో, చివరిసారి తీసుకున్న వేలి గుంట అలాగే ఉంది.