జానెడు ఎర్ర పోగులు

అప్పటికే దశరథ సగం గచ్చు తుడిచేశాడు. డ్యాము పనివాళ్ల కోసం కట్టిన కాలనీలో, క్లబ్బు వెనకాల ఉన్న ఆ సిమెంటు గచ్చు మీదికి రాత్రి గాలికి ఇసుక కొట్టుకొస్తుంది. స్కేటింగు బూట్ల చక్రం కింద ఇంత ఇసుక పడ్డా పిల్లల మూతులు పగులుతాయి. అందుకే మోకాళ్ల మీద పాకుతూ తుడుస్తాడు. పొడుగాటి మనిషి, వంగిపోయిన వీపు, గుంట మగ్గం తొక్కి తొక్కి బండబారిన పాదాలు. నిన్నటి నుంచీ ఎడమ రొమ్ములో ఏదో పట్టేసినట్టుంది. పట్టించుకుంటే కదా!

పొద్దున చక్రాల బూట్లు కట్టుకునేది చిన్నపిల్లలు. కొత్తగా వచ్చినవాళ్లు చెక్కబండిని తోసుకుంటూ జారాలి. పసివాళ్లకు ఇంట్లో నడక నేర్పే మూడు చక్రాల బండే అది, కాస్త పెద్దది, అంతే. బండి వదిలినవాళ్లు తాడు పట్టుకుంటారు. సాయంత్రం వచ్చే పెద్దపిల్లలైతే వెనక్కి కూడా జారతారు. నేర్పేది దుర్గయ్య మాస్టరు, ఒకప్పుడు సర్కసులో చేసినవాడు. గచ్చు తుడవడం, చక్రాలకు నూనె పెట్టడం, పిల్లల పాదాలకు పట్టీలు బిగించడం దశరథ పని. మోత్కూర్‌లో మగ్గం ఆగిపోయాక భార్య ఉప్పలమ్మతో ఇక్కడికి వచ్చి చేరాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ చిట్టి మడమలు అరచేతిలోకి వచ్చినప్పుడు మాత్రం ఆయన ప్రాణం లేచొచ్చేది.

తుడవడం ముగించి బూట్ల గది తలుపు తీశాడు. చిన్నబూట్ల గుడ్డపట్టీలన్నీ ఎలుకలు కొరికి పీలికలు చేశాయి.

తప్పు ఆయనదే. పట్టీలు మెత్తబడి జారిపోతున్నాయని నిన్న వాటికి గంజి పట్టించి ఆరబెట్టాడు. గంజి పెడితే పోగు గట్టిపడుతుంది, సాలెవాడి చేతికి తెలిసిన పని అది. ఊళ్లో ఉన్నప్పుడు గంజి పెట్టిన పడుగును, మగ్గం మీది నిలువు పోగులను, ఏనాడూ ఎలుకలకు అందనిచ్చేవాడు కాదు. ఇక్కడ ఆ సంగతే మరిచిపోయాడు, పాపం. ఆ సాయంత్రమే పిల్లలంతా కాలనీ జనం ముందు ఆడి చూపించాలి.

దుర్గయ్య మాస్టరు నెత్తి పట్టుకున్నాడు. "ఏం జేస్తివయ్యా దశరథా! పట్నం నుంచి పట్టీలు గిప్పుడు యాడొస్తయ్? చిన్నోళ్లను తీసేద్దాం. పెద్దోళ్లే ఆడతరు తియ్యి."

ఓవర్సీరు చిన్నబిడ్డ మొన్ననే బండి వదిలింది. బిక్కమొహం వేసుకుని దశరథ పంచె పట్టుకుంది. "తాతా, నేను ఆడొద్దా?"

దశరథ ఆ పిల్ల తల నిమిరాడు. "తీసెయ్యకు మాస్టరూ. పొద్దుగూకేలోపు నేను తెస్త," అని ఇంటిదారి పట్టాడు.

రేకుల ఇంట్లో దూలానికి ఒక మూట వేలాడుతోంది. అందులో సగం నేసి ఆపిన చీర, నేయాల్సిన ఎర్ర పడుగు, పోగులన్నీ పళ్ల సందుల్లో దూర్చిన దువ్వెనలాంటి అచ్చు. డ్యాము పని అయిపోయాక ఊరికి పోయి, మిగిలింది నేసి ఉప్పలమ్మకు కడతానని మాటిచ్చాడు. అచ్చులో పాత పోగులుంటే కొత్త పడుగును వాటికి అతుక్కుంటూ పోవచ్చు. అవి ఊడిపోతే ప్రతి పోగూ మళ్లీ మొదటి నుంచి దూర్చాలి, ఆయన కళ్లకు ఇక చేతకాదు. ఆ పోగులున్నన్నాళ్లూ తాను సాలెవాణ్నే అనుకున్నాడు.

మూట దించి కత్తెర తీసేసరికి ఉప్పలమ్మ చేతులు అడ్డం పెట్టింది.

"గదెందుకు కోస్తున్నవయ్యా? ఊరికి పోయేది లేదా ఇగ?"

"పోరగాండ్లు పడుకుంట లేసుకుంట నేర్సుకున్నరే. తప్పు నాది. వాళ్లకెందుకు శిక్ష?"

ఆమె భోరున ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, తనే పోగుల కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పట్టీల కోసం ఆ పోగులను జడలుగా అల్లారు.

"అన్నీ కోసినవా?"

"లేదు. అచ్చుల జానెడు ఉంచిన. కొత్త పడుగు అతుకుతందుకు గంత సాలు."

"ఎప్పుడు అతుకుతవ్?"

"డ్యాము కానియ్యి," అన్నాడు రొమ్ము రాసుకుంటూ.

సాయంత్రం ఒక్కో పాదాన్నీ ఒళ్లో పెట్టుకుని ఎర్ర పట్టీలు బిగించాడు. తర్వాత గోడకు ఆనుకుని బల్ల మీద కూర్చున్నాడు. ముందు బండివాళ్లు, వెనక తాడువాళ్లు వెళ్లారు. ఓవర్సీరు చిన్నబిడ్డ చేతులు చాచుకుని, ఒకసారి పడి, లేచి, తాడు కూడా పట్టుకోకుండానే గచ్చు దాటేసింది. జనం చప్పట్లు కొట్టారు. దశరథ కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. మనిషి నవ్వుతున్నాడు.

పెద్దపిల్లల ఆట కూడా అయిపోయాక ఆ పిల్ల వచ్చి, రోజూలాగే ఆయన మోకాలి మీద కాలు పెట్టింది. "తాతా, విప్పు."

ఆయన కదల్లేదు. జనంలో నిలబడి చూస్తున్న ఉప్పలమ్మ పరుగున వచ్చింది. భుజం తట్టింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అరవలేదు. పసిదాని కాలికున్న పట్టీ మెల్లగా విప్పింది. "పో బిడ్డా, తాత పండుకున్నడు," అని పంపించి, అప్పుడు ఆయన కళ్లు మూసింది.

రేకుల ఇంట్లో దూలానికి అచ్చు అట్లాగే వేలాడుతోంది. దాని పళ్ల మధ్య జానెడు ఎర్ర పోగులు, ఒక్కటీ జారిపోకుండా కొసలు ముడివేసి ఉన్నాయి.