టౌనో కట్టెల దొంతి

పెద్ద సరస్సు దక్షిణపు ఒడ్డున, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం పైకొసలో, ఒక మనిషి ఎలాంటివాడో తెలియాలంటే వాడింట్లోకి వెళ్ళి కూర్చోనక్కర్లేదు. రోడ్డు మీంచి వాడి కట్టెల దొంతి చూస్తే చాలు. మూలలు అడ్డంగా, నిలువుగా పేర్చి గట్టిగా కట్టాడా? పైన రేకు కప్పాడా? అందులో ఎండిన మేపుల్ ఎంత, నాసిరకం పోప్లర్ ఎంత? దారిన పోయేవాళ్ళు బండి ఆపకుండానే అంతా పసిగట్టేస్తారు. అలా పసిగట్టి, పక్కింటివాడి పరువు తీయడంలో టౌనోని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

అతనికో పాత బూడిదరంగు ట్రాక్టరుంది. పొలం దున్నడం అది ఎప్పుడో మానేసింది. అడవిలోంచి దుంగలు లాక్కురావడమే దాని పని. బతిమాలితే గానీ లేవదు, లేచిందంటే ఇంకెవరి మాటా వినదు. అందుకని దానికి ‘అత్తగారు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు భార్య సైమా లేనప్పుడు కాదు, ఆమె వింటున్నప్పుడే గట్టిగా పిలిచేవాడు. ఒకసారి కొండవాలులో ఓ మేపుల్ దుంగకి గొలుసు తగిలించి లాగితే దుంగ కదల్లేదట, కొండే ఇటు జరిగిందట. “నమ్మకపోతే మా బామ్మర్ది బంగాళాదుంపల చేను చూసుకోండి. ఆ రోజునించే అది ఒక పక్కకి ఒరిగిపోయింది” అనేవాడు. చేను ఒరిగి ఉన్నమాట నిజమే. కాకపోతే టౌనో తాత ఫిన్లాండు నుంచి ఓడ దిగేనాటికే అది అలా ఉంది.

ఆ బామ్మర్ది పేరు ఆర్వో, సైమా తమ్ముడు. బావా బామ్మర్దులు ఎదురుపడితే ముందు నాలుగు తిట్లు, తర్వాతే పలకరింపు. ఊళ్ళో వాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని మరీ చుట్టూ చేరేవాళ్ళు.

ఎవరింట్లో మగవాడు మంచాన పడినా, శనివారం పొద్దున్నే పాత ట్రాక్టర్లన్నీ ఆ ఇంటి ముందుకొస్తాయి. దుంగలు లాగుతారు, కోస్తారు, పేళ్ళు కొడతారు, పేరుస్తారు. ఆపైన ఆవిరిగదిలో చెమటలు కార్చి, కాఫీతో యాలకుల రొట్టె తిని పోతారు. ఎన్నేళ్ళుగానో ఆ వరసలో మొదటి చోటు అత్తగారిదే. ఎవరికి ఎన్ని కట్టెలు కావాలో, ఏ అడవిలోంచి తేవాలో చెప్పేది టౌనోయే.

అలాంటి టౌనో ఎడమ మోకాలు వసంతకాలం బురదలో పోయింది. గొలుసు జారి, దుంగ వెనక్కి దొర్లి కాలి మీద ఎక్కింది. నడక ఎలాగో ఈడ్చుకొస్తాడు గానీ, ట్రాక్టరు క్లచ్ తొక్కాలంటే ఆ కాలే కావాలి. ఆ కాలేమో తొక్కనంటుంది.

దాచిపెట్టాలని అతనికి మొదట లేదు. కొట్టు దగ్గర నలుగురిలో చెప్పేశాడు కూడా. చెప్పినవాడు టౌనో కదా, చక్కగా చెప్పలేకపోయాడు.

“ఓ దుంగ వచ్చి నా ఒళ్ళో కూచుందిరా. దిగవే అంటే దిగదు.”

“పేరడిగావా బావా? అక్కకి చెప్పాలి” అన్నాడు ఆర్వో.

కొట్టంతా ఒకటే నవ్వు. అందరికన్నా గట్టిగా టౌనోయే నవ్వాడు. ఆ నవ్వయ్యాక మళ్ళీ మొదలెట్టి, “కాదురా, నిజంగానే కాలు పోయింది” అనడం ఎలాగో అతనికి తెలియలేదు.

ఎండాకాలమంతా చూశాడు. కాలు బాగవలేదు. చివరికి మొగుడూ పెళ్ళాం కలిసి, కిందటేడు మిగిలిన మేపుల్ పేళ్ళతో దొంతి పేర్చారు. రోడ్డువైపు ఒక వరస, అటో మూల, ఇటో మూల, పైన ఓ పొర. మధ్యలో ఏం పెట్టారంటారా? పుచ్చిన కంచె గుంజలు, ఖాళీ పీపాలు, విరిగిపోయిన గడ్డిబండి, ఓ కోళ్ళగూడు. పైన రేకు కప్పేసరికి ఊళ్ళో అంత పెద్ద దొంతి ఇంకొకటి లేదు.

“చలికాలం పొయ్యిలో ఏం పెట్టమంటావు? పీపాలా?” అంది సైమా.

“అప్పటికి మోకాలు సర్దుకుంటుందే. అత్తగారిని లేపి, వెనకనించి నింపేస్తాను.”

“మా ఆర్వోకి చెబితే ఒక్క శనివారం పని. నువ్వెంతమందికి చెయ్యలేదు?”

“చేశాను కాబట్టే వద్దంటున్నాను. మొన్న మన ఊరి కల్లెని ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్ళాం కదా. వాడితో నేనెలా మాట్లాడానో విన్నావా? తేనె పూసినట్టు మాట్లాడాను. పసిపిల్లకి పాలు పట్టినట్టు. అంతకుముందు వాణ్ణి ఒక్క రోజైనా తిట్టకుండా వదిలానా? నాతో ఎవరైనా అలా మాట్లాడితే నేను బతకనే సైమా.”

సైమా ఓ పుచ్చుగుంజ తీసి లోపలికి తోసింది.

ఆకురాలు కాలంలో దారిన పోయేవాళ్ళంతా హారన్ కొట్టి మరీ ఆ దొంతిని మెచ్చుకున్నారు. ఆర్వో అయితే ట్రాక్టరాపి, నోరు తెరుచుకుని చూశాడు.

“ఏంటి బావా, ఈ ఏడు ఊరు మొత్తానికీ పేర్చావా?”

“ఊరికి సరిపోతుందిరా, నీకే సరిపోదు. నీ పొయ్యికి నీకులాగే నోరెక్కువ.”

ఆ ఏడు మంచు తొందరపడింది. కల్లె ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. అతని దుంగలు అడవిలోనే పచ్చిగా పడి ఉన్నాయి. ఇప్పుడు లాక్కొచ్చినా పొగ తప్ప మంట రాదు. ఇంట్లో అతని భార్య హెల్మి ఒక్కతే ఉంది. ఆమెకి ఎండిన కట్టెలు కావాలి, అవి ఎవరి దొంతిలోంచైనా రావాలి.

శనివారం పొద్దున సైమా కిటికీలోంచి చూసి, “వస్తున్నారు” అంది.

మూడు ట్రాక్టర్లు, మూడు ట్రాలీలు. ముందు ఆర్వో.

“ఇప్పటికైనా చెప్పెయ్యి” అంది.

టౌనో చేతికర్రని తలుపు చాటున పెట్టి, ఉత్తచేతుల్తో బయటికి నడిచాడు.

“దొంగల్లా వచ్చారేంట్రా? ముందు నీ దొంతి తవ్వుకో.”

“నాది తవ్వే వచ్చాం బావా, ఈ ట్రాలీలో సగం నాదే. నీ కొండలోంచి ఓ ట్రాలీ తీస్తే గోరంత కూడా తెలీదు. హెల్మికి చలికాలం గడిచిపోతుంది.”

“ఇవ్వనన్నానా? కానీ నా దొంతి మీద మీ చేతులు పడ్డానికి వీల్లేదు. ఒక్క పేడు లాగి మొత్తం కూలగొట్టే రకాలు మీరు. నేనే తీసిస్తాను.”

“పిల్లనిచ్చి పంపేవాడిలా ఉన్నాడు చూడండ్రా!” అని వెనక ట్రాక్టరువాడు నవ్వాడు.

టౌనో పై పొరలోంచి పేళ్ళు తీసి ట్రాలీలో పడేయడం మొదలెట్టాడు. ఇటు రెండు, అటు రెండు, మధ్యలో ఒకటి. ఎక్కడా కన్నం కనబడకుండా, ఒంటికాలి మీద బరువు మోపుతూ, మధ్యమధ్య ఆర్వో ట్రాక్టరుని తిడుతూ. అంత చలిలోనూ మెడ మీంచి చెమట కారుతోంది. లోపల మాత్రం చిన్న ఆశ. ఈ ట్రాలీలో మిగతా సగం నిండితే చాలు, “ఇక పొండిరా, అంతా నేనే పెట్టాలా” అని తరిమెయ్యచ్చు. ఇవ్వగలిగినవాడిగా ఈ ఒక్కరోజు గట్టెక్కితే చాలు.

ట్రాలీ దాకా బావ పడుతున్న ప్రయాస ఆర్వో చూశాడు. నాలుగు అడుగులు తగ్గిద్దామని ట్రాక్టరుని వెనక్కి జరిపాడు. మంచు మీద చక్రం జారింది. ట్రాలీ అంచు దొంతి మూలకి మెల్లగా ఆనింది.

మెల్లగా ఆనింది, అంతే. మూల విప్పుకుంది, ముందు వరస లోపలికి కూలింది, రేకు ఒక చివర లేచి నేల మీద పడింది. ఓ పీపా దొర్లుకుంటూ వచ్చి ఆర్వో ట్రాక్టరు ముందు ఆగింది. వెనకాల కోళ్ళగూడు తలుపు తెరుచుకుని వేలాడుతోంది.

ట్రాక్టర్లు ఒక్కటొక్కటే ఆపేశారు.

టౌనో నవ్వు కోసం చూశాడు. ఆర్వో నవ్వుతాడు, పెడబొబ్బలు పెడతాడు, పదేళ్ళపాటు కొట్టు దగ్గర ఈ కథే చెప్పుకుంటారు. పోనీ, చెప్పుకోనీ. పీపా కన్నా పెద్ద మాట తనూ ఒకటి తయారు చేసుకుంటాడు.

“అలా చూస్తారేంట్రా? ఎలుగుబంటి లోపల దూరి మేపులంతా మేసేసింది. పోప్లర్ అయితే ముట్టుకోదు వెధవది” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆర్వో దిగొచ్చి, బావ మోకాలి వైపు చూశాడు.

“కొట్టు దగ్గర చెప్పావే, అదేనా?”

టౌనో ఆ కాలిని వెనక్కి జరుపుకున్నాడు.

ఆర్వో ట్రాలీ దగ్గరికెళ్ళాడు. టౌనో వేసిన పేళ్ళు పైనే ఉన్నాయి. ఒక్కొక్కటే దించి, కూలిన దొంతి పక్కన పెట్టసాగాడు. మిగతా ఇద్దరూ చెయ్యి కలిపారు.

“ఒరేయ్, అవి హెల్మికిచ్చినవి! దించకండి!”

“హెల్మి సంగతి మేం చూసుకుంటాం బావా.”

“ఇచ్చింది వెనక్కిస్తార్రా ఎవరైనా?”

“ఇవి నీకు కావాలి బావా” అన్నాడు ఆర్వో, ఎంత మెత్తగానంటే, పక్కనున్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు.

తర్వాతి శనివారం ఊళ్ళో ట్రాక్టర్లన్నీ టౌనో ఇంటికే వచ్చాయి. అత్తగారిని ఆర్వో లేపాడు. అది ఆ రోజు బతిమాలించుకోకుండా లేచింది. కిందటి ఏడు గాలికి పడి ఎండిపోయిన దుంగల్ని అడవి లోతుల్లోంచి ఏరి లాక్కొచ్చి, కోసి, కొట్టారు. సైమా రొట్టెలు కాలుస్తూనే ఉంది. టౌనోకి వాకిట్లో ఓ కుర్చీ వేసి, కాళ్ళ మీద దుప్పటి కప్పారు. దొంతి నిజంగానే లేచింది. నిండుగా, గట్టిగా.

చివరి మూల ఆర్వో పేరుస్తున్నాడు. టౌనో చాలాసేపు చూసి, ఇక ఆగలేక, గొంతెత్తాడు.

“అదీ ఒక మూలేనట్రా బామ్మర్దీ? గుడ్డివాడు చీకట్లో కట్టినా అంతకన్నా తిన్నగా ఉంటుంది! మీ అయ్య నీకు అన్నం పెట్టాడా, రంపం పొట్టు పెట్టాడా?”

పని చేస్తున్నవాళ్ళు ఆగారు. ఆర్వో మూలవైపు చూశాడు, బావవైపు చూశాడు.

“నిజమే బావా” అన్నాడు.

వంగి, నడుమెత్తు దాకా కట్టిన మూలంతా విప్పి, మళ్ళీ మొదట్నించీ పేర్చడం మొదలెట్టాడు. మిగతావాళ్ళు అతనికి పేళ్ళు అందించారు. పొద్దు వాలిపోయింది. చివరి పేడు పెట్టి, చేతులు దులుపుకుని, ఆర్వో కుర్చీ దగ్గరికొచ్చి వంగాడు.

“ఇప్పుడు బాగుందా బావా?”

విప్పకముందే బాగుంది. అంత తిన్నని మూల టౌనో కూడా ఎన్నడూ కట్టి ఎరగడు.

“బాగుంది” అన్నాడు టౌనో.