ఖాళీ ఫ్రిజ్‌లో బఠాణీలు

ఈ కథలో ఒక్క చుక్క అబద్ధం లేదు. నేను చెప్పేవన్నీ అలాంటివే గానీ, ఇది మరీను. ఏ ముక్క దగ్గరైనా ఆపి నన్ను నిలదీయండి.

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసేవాళ్ళలో క్రేనంతటి మొనగాడు లేడు. క్రేను అతని అసలు పేరు కాదు. బీరువాని వీపున వేసుకుని చకచకా మెట్లెక్కుతుంటే చూసి జనం పెట్టిన పేరు. "లిఫ్టుంది కదయ్యా!" అని ఎవరైనా అంటే, "అది ముసలాళ్ళకి" అని మీసం దువ్వేవాడు.

అసలు సంగతేమిటంటే, క్రేనుకి లిఫ్టంటే చచ్చేంత భయం. తలుపులు మూసుకుంటే చాలు, గుండె దడదడలాడేది, ఊపిరి గొంతులో ఇరుక్కునేది, అంత మనిషీ తడిసిన గోనెసంచిలా చతికిలబడేవాడు. ఆ భయం బయటపడకూడదనే ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ బీరువాలన్నీ వీపున మోశాడు, వెర్రి నాయన!

చివరికి మోకాలు మొరాయించింది. మెట్ల జోలికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. సామాన్ల వ్యాను బావమరిదిది, పెత్తనమూ బావమరిదిదే.

"చూడు బావా, ఇవాళ లిఫ్టులో వెళ్ళావా, సరే. లేదా, రేపట్నించి ఇంట్లో కూచుని అక్కకి ఉల్లిపాయలు తరిగిపెట్టు. నేనింకో మనిషిని చూసుకుంటా."

మోకాలికి ఐసు కట్టిన నర్సు దగ్గర మాత్రం క్రేను తన గుట్టు విప్పాడు. ఆవిడ నవ్వలేదు. "భయం మీదికొచ్చినప్పుడు చల్లటిదేదైనా మొహానికి ఆనించుకోండి. ఆ చలికి దడ కాస్త నెమ్మదిస్తుంది" అంది. అందుకే ఆ పొద్దున క్రేను నాలుగు ఐసుముక్కలు జేబురుమాల్లో మూటగట్టి, లాగు జేబులో దోపుకుని పనిలోకొచ్చాడు.

ఆ రోజు మారుతున్నది ఒక రిటైరైన హెడ్మాస్టరమ్మ. పాత ఇంట్లో ఫ్రిజ్‌ని వాల్చి వ్యాను ఎక్కిస్తుంటే లోపల ఏదో దబ్బున జారింది.

"ముందురోజే ఖాళీ చెయ్యమన్నాం. చేశారాండీ?" అన్నాడు క్రేను.

"ఏమయ్యా! అబద్ధమాడకూడదని ఊరి పిల్లలందరికీ నేర్పినదాన్ని, నన్నే అడుగుతున్నావా?"

క్రేను ఫ్రిజ్ తలుపులు తెరుచుకోకుండా టేపు అతికించి వ్యాను ఎక్కించాడు.

కొత్త ఇంటి కింద పూలకుండీలు ముందా, ఫ్రిజ్ ముందా అని ఆవిడ పేచీ పెట్టింది. కుండీలే గెలిచాయి. వాటితో ఆవిడ పైకెళ్ళి, లిఫ్టు మళ్ళీ కిందికొచ్చేసరికి క్రేను జేబులో ఐసు కాస్తా నీరైపోయింది. బావమరిది చూపు లాగు మీద పడింది.

"ఓరి నాయనో! ఇంకా ఎక్కనే లేదు కదా బావా, అప్పుడే కానిచ్చేశావా?"

"ఐసురా!"

"సరే, ఐసే అనుకుందాం. పద."

లిఫ్టులో ఫ్రిజ్ పోగా ఒక్క మనిషికే చోటు. తలుపులు మూసుకున్నాయి. క్రేను పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. జేబు తడిమితే తడిగుడ్డ తప్ప ఏమీ లేదు. ఇక పోయాను, రేపట్నించి ఉల్లిపాయలే అనుకుంటుండగా, పొద్దున లోపల జారిన శబ్దం గుర్తొచ్చింది. అతికించిన టేపు పరపరా పీకి, ఫ్రీజరు తలుపు జానెడు తెరిచి చెయ్యి దూర్చాడు. గడ్డకట్టిన పచ్చి బఠాణీల సంచి! అమాంతం లాగి మొహానికి హత్తుకున్నాడు.

"అబ్బ!" చలి చురుక్కుమంది. అంతవరకూ చావు మీదున్న ధ్యాస కాస్తా దిగి బుగ్గ మీదికొచ్చింది. గొంతులో ఇరుక్కున్న ఊపిరి మెల్లగా జారి పొట్టదాకా వెళ్ళింది. దడ పోలేదు గానీ, మాట వినే దారికొచ్చింది.

పైన తలుపులు తెరుచుకున్నాయి. మెట్లమీద పరుగెత్తుకొచ్చిన బావమరిది రొప్పుతూ నిలబడ్డాడు. క్రేను కళ్ళు మూసుకుని, సంచిని బుగ్గకి ఆనించుకుని, చంటిపిల్లాడిలా హాయిగా నిలబడి ఉన్నాడు.

"అయ్యో, నా బఠాణీలు!" అని కేకేసింది హెడ్మాస్టరమ్మ.

క్రేను ఒక కన్ను తెరిచాడు. "ఖాళీ ఫ్రిజ్‌లో బఠాణీలెక్కడివమ్మా?"

ఆవిడ పైకప్పు కేసి చూసింది. "ఎవరు పెట్టారో ఏమో!"

"అయితే సాయంత్రందాకా నా దగ్గరే ఉంటాయి లెండి."

ఆవిడ కుండీలు సర్దుకోవడానికి లోపలికెళ్ళిపోయింది. బావమరిది పడీపడీ నవ్వి, "కింద బీరువా ఉంది బావా" అన్నాడు. ఫ్రిజ్ దించేసి, సంచి చంకలో పెట్టుకుని లిఫ్టు బొత్తాం క్రేనే నొక్కాడు.

ఒక్క చుక్క అబద్ధం లేదన్నాను కదూ? ఒకటుంది. అవి బఠాణీలు కావు, చేప. తలా తోకా ఉన్న మూరెడు చేప, నోరు కూడా తెరుచుకునుంది. తలుపులు తెరుచుకునేసరికి క్రేను దాని బుగ్గకి బుగ్గ ఆనించి ఉన్నాడు. "ఎవరికైనా చెప్పుకో గానీ, చేప మాట మాత్రం రాయకు, మా ఆవిడ చదువుతుంది" అని క్రేను బతిమాలితే, సరేనని మాటిచ్చాను.