కింది గదిలో వేడినీళ్ళు

ఇంట్లో అందరూ ఆవిడను కంగారమ్మ అంటారు. పాలు పొంగకముందే పొంగాయని పరుగెత్తే మనిషి. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషి. అలాంటి కంగారమ్మ, కింది గదిలో హాట్ టబ్, అదే కూర్చుని కాళ్ళు కాచుకునే వేడినీళ్ళ తొట్టి, పెట్టించుకుంటానని తానే ప్లంబరును పిలిపించేసరికి కొడుకు జ్వరమేమోనని ఆవిడ నుదురు తాకి చూశాడు.

లాండ్రీలో ఇస్త్రీపెట్టె పట్టుకుని ఏళ్ళ తరబడి నిలబడి అరిగిపోయిన మోకాళ్ళు ఆవిడవి. మెట్లెక్కలేకపోతోందని కొడుకూ కోడలూ కింది గదిలో పక్క వేద్దామన్నారు. పాత మంచం ఉండనే ఉంది; దాని పక్కన మందుల బల్ల, పిలవడానికి గంట. అంతా ప్రేమతోనే. కానీ ఆ గది సంగతి ఆవిడకు తెలుసు. అత్తగారు అందులోకి నడిచి వెళ్ళింది, బయటికి మోసుకొచ్చారు. మొగుడూ అంతే. ఆఖరికి అక్క కూడా. "కాస్త ఒంట్లో బాగయితే పోతానే" అని నవ్వుతూ వెళ్ళి పడుకున్న అక్క. అక్కడ పడుకుంటే తన వంతూ వచ్చినట్టేనని ఆవిడ గుండెలో మేకు దిగినట్టు దిగిపోయింది.

"ఇంట్లో హాట్ టబ్ ఏంటమ్మా? నలుగురూ నవ్విపోతారు," అన్నాడు కొడుకు.

"నవ్వనీ. పళ్ళున్నవాళ్ళు నవ్వుతారు."

"జారిపడితే?"

"మెట్ల మీద పడితే ఎముకలు విరుగుతాయి. నీళ్ళలో పడితే ఒళ్ళు తడుస్తుంది."

"కరెంటుతో నడిచేది అత్తయ్యా," కోడలు అందుకుంది. "మిక్సీ ప్లగ్గు పెట్టడానికే చెప్పులేసుకుంటారు మీరు!"

నిజమే. కరెంటు, చెమ్మ, మునిగిపోవడం, అన్నీ తలచుకుని ఆవిడకు కొన్నాళ్ళుగా కంటిమీద కునుకు లేదు.

"భయమే. అయితే ఏం? భయపడుతూనే దిగుతాను," అంది.

ప్లంబరు మడమతో నేలను తన్ని చూశాడు. "కింద మట్టేగా, బరువుకి ఢోకా లేదమ్మగారూ. ఆవిరి పోయే ఫ్యాను, నీళ్ళు పోయే గొట్టం, తేడా వస్తే ఠక్కున కరెంటు ఆపే స్విచ్చు. పట్టుకు దిగడానికి కమ్మీ ఒకటి. అంతే."

కొడుకు మెత్తబడ్డాడు. "సరే, నీ మాటే కానీ. చిన్నది తెప్పిద్దాం. ఆ మూల టబ్బు, ఈ మూల మంచం. రెండూ సరిపోతాయి."

ఆవిడ ఆ మంచం వైపు ఓసారి చూసింది. ప్లంబరు వైపు తిరిగింది.

"ఇంకా పెద్దది ఉందా నాయనా?"

"ఎంత పెద్దదమ్మా?"

"మంచం వెయ్యడానికి చోటు మిగలనంత."

మామగారికీ, ఆ అక్కగారికీ పక్కబట్టలు మార్చిన చేతులు కోడలివి. ఆమె తలెత్తి అత్తగారిని చూసింది.

"మరి పడుకోవడం ఎక్కడ అత్తయ్యా?"

"ఇక్కడే కింద హాల్లో, మీ మధ్యే. టీవీ గోల, పిల్లల గోల, మీ మొగుడూపెళ్ళాల గోల. చెవుడొచ్చినా సరే, నాకు ఆ గోలే కావాలి."

ప్లంబరు గుమ్మం కొలిచి టేపు చుట్టాడు. "పెద్దదైతే ఈ గుమ్మంలోంచి దూరదండీ. చట్రం పీకి గోడ కొట్టాలి."

"అమ్మా..." అనబోయిన కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది కోడలు.

ముగ్గురిని మోసుకొచ్చిన ఆ గుమ్మాన్ని ఆవిడ తేరిపార చూసింది.

"కొట్టెయ్," అంది. "ముందు ఆ మంచం వీధిలోకి లాగు. నీకు పని చేసుకోడానికి చోటు కావాలిగా."