తోకకప్ప కదిలిన రోజు

ఆమె చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే భర్త అద్దంలో చూసుకుంటూనే అన్నాడు. "కప్పలెక్కడికి పోతాయే? పాప హైస్కూలుకి రానీ, అప్పుడు చేద్దువుగాని నీ పరిశోధన." కోపంగా అనలేదు. ఆయన ఏదీ కోపంగా అనడు, వచ్చిన చిక్కల్లా అదే. కోప్పడితే ఎదురు చెప్పొచ్చు. నవ్వుతూ అన్నాడు కాబట్టి ఆమె కూడా నవ్వింది. వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "నా నడుం నొప్పికి మందు తెలీదు గానీ, మా కప్పల డాక్టరమ్మ కప్పల నడుములు బాగుచేస్తుందట." దానికీ నవ్వింది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టే ఇల్లది.

డాక్టరమ్మా కాదు, ఏమీ కాదు. పాప పుట్టినప్పుడు పరిశోధన సగంలో ఆపేసింది. ఇప్పుడు అదే ల్యాబులో ఒంటిపూట పని, తొట్లలో నీళ్లు మార్చడం, తోకకప్పలకి మేత వేయడం. బడి వదిలే వేళకి పరుగెత్తాలి. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే ఇప్పుడు మైక్రోస్కోపు ముందు కూర్చుని "అక్కా, కాస్త ఆ నీళ్లు మార్చవూ" అంటాడు. అతను వేరే ఊరు వెళ్లిపోతున్నాడు. "ఆ కుర్చీలోకి నువ్వు వస్తావా? సాయంత్రం దాకా ఉండాలి. రేపటికల్లా చెప్పెయ్, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటాను" అంది నిన్న ల్యాబు పెద్ద మేడమ్.

ఇవాళ ఏం చెప్పాలో తేలక తొట్టి ముందు నిలబడింది. మళ్లీ అతుక్కుంటుందేమో చూడ్డానికి పోయిన వారం వెన్నుపాము కోసిన తోకకప్ప అందులో ఉంది. నిన్నటిదాకా దాని తోక గుడ్డపీలికలా వేలాడింది. సన్నటి కుంచెతో తోక కొసని తాకి చూసింది. కదిలింది. కొద్దిగానే, అయినా కదిలింది. వెన్నుపాము నడిమధ్య సన్నటి కాలువ ఉంటుంది. దాని గోడల్లో ఊరికే కూర్చున్న కణాలు దెబ్బ తగలగానే మేలుకుంటాయి, ఒకటి రెండై, రెండు నాలుగై, తెగిన రెండు కొసల నుంచీ ఎదురెదురుగా వచ్చి కలుసుకుంటాయి. వాటి మీదుగా నరాల పోగులు దాటతాయి. ఆ కలుసుకునే చోటుని తన కళ్లతో చూడాలని ఆమెకి ఎంత ఆశో. అంట్లు తోముతున్నా అదే ధ్యాస, పాపకి జడ వేస్తున్నా అదే. ప్రేమించినవాడి కోసం కూడా ఎవరూ ఇంత బెంగపడరేమో, తను ఒక మైక్రోస్కోపు కోసం పడుతోంది. ఎవరికి చెప్పుకుంటుంది, చెబితే నవ్వరూ?

పక్క తొట్టిలో కాళ్లొచ్చి, తోక పోయిన పిల్లకప్పలున్నాయి. వాటికీ అదే కాలువ, అవే కణాలు. దెబ్బ తగిలితే అవీ మేలుకుంటాయి, కానీ అవతలి కొసని అందుకోలేవు. మధ్యలో మచ్చ కట్టేస్తుంది. కప్పలెక్కడికీ పోవు, నిజమే. అతుక్కునే కాలమే పోతుంది. ఆ సంగతి ఆమెకి ఇన్నేళ్లుగా తెలుసు, పరీక్షలో కూడా రాసింది. ఇవాళ మాత్రం ఏడుపొచ్చింది. కుంచె పట్టుకునే కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని మేడమ్ గదిలోకి వెళ్లింది.

సాయంత్రం భర్త బూట్లు విప్పుతూ అడిగాడు. "చెప్పేశావా మీ మేడమ్‌కి?"

"చెప్పానండీ. రేపట్నుంచి సాయంత్రం దాకా ఉంటానని చెప్పాను. పాపని బడి నుంచి మీరు తీసుకురావాలి, లేదంటే ఎవరినైనా పెట్టుకుందాం."

ఆయన ఒక బూటుతోనే నిలబడిపోయాడు. అత్తగారి గదిలో టీవీ చప్పుడు తగ్గింది.

"నన్నొక్క మాట అడక్కుండానా?"

"ఇన్నేళ్లూ అడుగుతూనే ఉన్నానండీ," అంది ఆమె. "ఇవాళ చెబుతున్నాను."